లచ్చక్క వంతు

మన్సూరాబాద్,
ఆదివారం పొద్దున.

అన్నా,

తమ్ముడు సైదులు దండం పెట్టి రాసేది. ఈడ నా పానం మంచిగనే ఉంది. ఆడ నువ్వు గూడ మంచిగున్నవనుకుంటున్న అని రాద్దామంటే చెయ్యి వస్తలేదు, నువ్వు మంచిగ లేవని వదిన చెప్పనే చెప్పింది. బుక్కెడు బువ్వ సక్కగ తింటలేవట. పొద్దుగాల్నే గొర్ల ఎంట పోయి, ఒచ్చినంక గోడ దిక్కు మొకం పెట్టి పంటున్నవట. నేను ఫోన్ జేస్తే "ఆఁ, ఉన్న" అని వదిన చేతిల పెడ్తవ్. అందుకే కాయితం పట్టిన. వదిననే అన్నది, "రాసి పంపు సైదులూ, కాయితమైతే కిందవెట్టడు" అని. బాపు బొంబాయికెల్లి ఉత్తరం రాస్తే నువ్వే గద మాకందరికి చదివి చెప్పేటోనివి. నోటితోని మాకు, చేతులతోని లచ్చక్కకు.

పిల్లలు బడికి పోతున్నరా? నల్ల గొర్రె ఈనిందా? చిన్నోని దగ్గు తగ్గిందా? తగ్గకుంటే జర నల్లగొండల మంచి డాక్టర్‌కు చూపెట్టు, ఊర్లె ఆర్‌ఎంపీ మాట పట్టుకోని కూసోకు.

ఈడ వానలు దంచుతున్నయి. ఎల్బీ నగర్ చౌరస్త కాడ నీళ్లు నిలవడి బండ్లన్ని ఆగిపోతున్నయి. నేను మెట్రోల పోతున్న గాబట్టి బతికిన. దిల్‌సుఖ్‌నగర్‌ల మా ఫ్లెక్సీ దుకాన్ల పనికేం తక్వ లేదు. గల్లికొక లీడర్, లీడర్‌కొక పుట్టినరోజు. పొద్దంత మిషిన్ తిరుగుతనే ఉంటది, రంగుల వాసనకు నాలిక మీద రుచి పోయింది. ఇంటికొచ్చి ఇంత అన్నం వండుకుంట, వదిన పంపిన చింతతొక్కు ఏసుకోని తింట. తింటున్నన్నా, నాకోసం పరేషాన్ గాకు. మంచిగనే తింటున్న.

అందరి ఫ్లెక్సీలు ఏసే నేను అక్క పెద్దకర్మ ఫ్లెక్సీకి ఎంత తిప్పలవడ్డనో నీకు చెప్పలె. ఒక్క ఫోటోల గూడ చేతులు ఆగి లేవు. మొకం మంచిగొస్తది, చేతులు మసక. ఎప్పుడు ఏదో చెప్తనే ఉన్నది గద. ఆఖరికి చేతులు కత్తిరించి మొకమొక్కటే పెట్టిన. ఆ పని చేసుకుంట మిషిన్ ముంగటనే ఏడ్సిన.

ఇంకోటి చెప్త, తిట్టకు. మొన్న అమాస నాడు ఎల్బీ నగర్ పోయి నిలవడ్డ. ఊర్లె అమ్మనాయినలకు వంతులేసుకుంటరు కొడుకులు. మనం అక్కకేసుకున్నం. మూడు నెల్లు నీ కాడ, మూడు నెల్లు నా కాడ. "పెండ్లి గాని మూగదానికి వంతులేంది" అని మంది నవ్వినా నువ్వు ఇనలె. ఆమెకు తారీకులు తెల్వయి, చందమామ తెలుసు, అందుకే అమాస నాడు వంతు మారుద్దాం అని పెట్టింది నువ్వే. ఈ అమాసకు నా వంతు. దుకాన్ల చెప్పొచ్చిన, పోయిన, నల్లగొండ బస్సులు ఒక్కటొక్కటి ఒస్తుంటే కిటికీలు చూసుకుంట నిలవడ్డ. కిటికీలకెల్లి ఏలు బయటవెట్టి తల మీద గిరగిర తిప్పుతది గద, "నేనొచ్చిన" అని. ఆ ఏలు కోసం చూస్తున్న. జామకాయలమ్మే అవ్వ, "ఎవలొస్తున్నరు బిడ్డా" అని అడిగింది. "మా అక్క" అన్న. అన్నంక యాదికొచ్చింది. ఆమె చేతిల రెండు జామకాయలు కొనుక్కోని ఇంటికొచ్చిన.

ఇగ అసలు ముచ్చట. నవ్వకుంట చదువు. నేను ఆదివారాలు ఒక ఆట ఆడుతున్న.

మా దుకాన్లకు ఇద్దరొచ్చిన్రు. ఒకాయన ప్రదీప్, గుంటూరు దిక్కు, సరూర్‌నగర్‌ల మీది అంతస్తుల రూం కిరాయికుంటడు. ఇంకో పిల్ల హారిక, మన సూర్యాపేట దిక్కే, పెద్ద దవాఖానల నర్సు. గళ్లు గళ్లు గీసిన పటం తెచ్చి ఫ్లెక్సీ మీద కొట్టియ్యమన్నరు. చెట్లున్నయి, వాగుంది, మధ్యల దారులున్నయి. నేను "ఏ వెంచర్ది సార్? గజం ఎంత వడ్తుంది?" అన్న. పడి పడి నవ్విన్రన్నా. ప్లాట్లు గాదట, ఆట బోర్డట. ఆ నవ్వుల దోస్తులైనం. అక్క పోయినంక నేను రూంల ఒక్కన్నే ఉంటున్నని తెలిసి, హారిక "ఆదివారం నువ్వు గూడ రా సైదులన్నా" అని ఎంటవడ్డది.

మన పచ్చీసు లెక్కనే గవ్వలేసుడుంటది. గవ్వలంటే గవ్వలు గావు, ఇరవై మొకాల పాచిక. నేనైతే గవ్వ అనే అంటున్న. ఒక్కొక్కలు ఒక్కో మనిషిని తయారు చేసుకోవాలె. ప్రదీప్ కథ నడిపిస్తడు, అడివంటడు, దొంగలంటడు. మన మనిషి ఏం జేస్తదో మనం నోటితోని చెప్పాలె. అయిందా కాలేదా గవ్వ చెప్తది. ఇంతే.

"మీ మనిషి ఎలాంటివాడు సైదులు గారూ?" అని అడిగిండు ప్రదీప్. (నన్ను గారు అంటడన్నా, ఆయన బాసనే అంత.) నేను ఆలోచన జేసుడే లేదు. "దగ్గరికొస్తే కట్టెతోని కొడ్తది, దూరముంటే వడిసెలతోని కొడ్తది" అన్న. "వడిసెలంటే?" అన్నడు. తాడు నడుమ రాయి పెట్టి, తల మీద తిప్పి ఇడుస్తరు, జొన్న చేన్ల పిట్టలు లేస్తయి, తోడేలు మొకం మీద గూడ పడ్తది అని చెప్పిన.

ఆయన తల గోక్కున్నడు. "రెండూ కావాలంటే కష్టమండీ. దగ్గర కొట్లాటకి బలం కావాలి, దూరానికి చురుకు కావాలి. ఉన్న మార్కులు రెండింటికీ పంచితే రెంటికీ చెడతారు. పైగా ఆయుధం మార్చుకునేసరికి మీ వంతు పోతుంది."

వంతు అన్న మాట ఇనంగనే నా పానం జల్లుమన్నది.

అటెన్క ముగ్గురం కూసోని కట్టినం. మార్కులు ఎక్వ చురుకుకే పెట్టినం, బలానికి జరంత. బరువు గుదిబండ లాంటి కట్టె అయితే బలమడుగుతది గని, సన్న కట్టె చురుకుతోని గూడ తిప్పొచ్చట. ప్రదీప్ "బల్లెం తీసుకోండి, పొడవచ్చు, విసరచ్చు, ఒక్కదానితో అయిపోతుంది" అన్నడు. మంచి ఉపాయమే. గని బల్లెం ఇసిరితే మల్ల ఉరికి తెచ్చుకోవాలె గద, అక్కకు రాళ్లకేం కరువు? వడిసెల ఒక్క చేతితోనే తిరుగుతది, కట్టె చంకల ఉంటది. రాయి పోంగనే కట్టె చేతులకొస్తది. నీకు తెల్వదా అన్నా, చేన్ల ఆమె ఎట్ల నిలవడేదో? గట్లైతే వంతు పోదు అన్నడు ప్రదీప్. ఒంటికి ఇనుప చొక్క వద్దన్న, గొంగడి చాలన్న. "తెలివి ఎంత పెడదాం?" అంటే "మస్తు పెట్టు" అన్న. "మాట?" అంటే "సున్న" అన్న.

హారిక నా మొకం దిక్కు చూసి, "పేరేంది అన్నా?" అన్నది. లచ్చి అని చెప్పిన.

మాట లేదంటే మరి తోటోళ్లకు ఎట్ల చెప్తదని అడిగిన్రు. అప్పుడు అక్క చేతులన్ని నేర్పిచ్చిన. మీసం తిప్పితే అన్న. తల మీద ఏలు వడిసెల లెక్క తిప్పితే అక్క. ఎద మీద చెయ్యేస్తే తమ్ముడు. నేను సంటిపిల్లగాడప్పుడు అమ్మ కూలికి పోతే అక్కనే గద నన్ను కొంగుతోని ఎదకు కట్టుకోని తిరిగింది, అది గూడ చెప్పిన. ఇప్పుడు నా వంతొస్తే నోటితోని ఎవలు పిలవరు, ఇద్దరు తల మీద ఏలు తిప్పుతరు. అక్క మొకం చూడనోళ్లు అక్క చేతులు తిప్పుతుంటే నాకు సంబురమైతది, మల్ల ఏడుపొస్తది.

పోయిన ఆదివారం సంగతి చెప్పనీకే ఇదంత రాసిన. జర మనసు పెట్టి చదువు.

కథల తోడేళ్లొచ్చినయి. లచ్చి దూరంగున్న రెండింటిని వడిసెలతోని కొట్టింది. దగ్గరికొచ్చిన దాన్ని కట్టెతోని కొట్టింది. దగ్గరకు దూరానికి ఏం కొదవ లేదు, అంత మంచిగ కట్టినం. గని ఆఖరుదాని మీదికి నేను గవ్వ ఏస్తే ఒకటి వడ్డది. ఒకటంటే అన్నిట్ల కంటే చెడ్డది. తోడేలు మీద వడ్డది, లచ్చి కూలింది.

హారిక మనిషి ఆటల వైద్యురాలు. ఉరికొచ్చి లచ్చి పక్కన కూసున్నది. "ఏమైంది లచ్చక్కా, ఏడ నొస్తుంది?" అని అడిగింది. నేను లచ్చి లెక్క జవాబియ్యాలె. నా చెయ్యి దానంతటదే పోయి ఎద మీద వడ్డది. ఎందుకు వడ్డదో నీకు తెలుసు.

హారిక నా చెయ్యి చూసి, కండ్ల నీళ్లు తీసుకోని, "అయ్యో, తమ్మున్ని యాది జేస్తుంది" అన్నది. "తమ్ముడొస్తడు అక్కా, ఒస్తడు" అని నా చెయ్యి పట్టుకున్నది.

హారిక నర్సన్నా. రోజు గుండెనొప్పోళ్లను చూసే పిల్ల. ఆ పిల్లకే గుండె నొప్పి అని తోచలె.

నాకు ఇగ ఆగలె. అంత చెప్పిన. రెండు దినాలు అక్క ఎద మీద చెయ్యేస్తనే ఉన్నదని, తమ్మున్ని అడుగుతుందనుకోని నువ్వు చందమామను చూపెట్టి "అమాస కానీ, పంపిస్త" అన్నవని, మూడోనాడు వాకిట్ల కూలితే దవాఖానల గుండె అన్నరని. బొంద కాడ నా మొకం చూడకుంట, "అది చెప్పిందిరా, నాకే సమజ్ కాలె" అని నువ్వు నీ ఎద మీద గుద్దుకున్నది గూడ చెప్పిన. ప్రదీప్ తల వంచుకున్నడు. హారిక నా చెయ్యి ఇడువలె.

అన్నా, ఊర్లె ఎవన్నన్న తెల్వనోన్ని పిలిచి ఆ చెయ్యి చూపెడ్తే "గుండె నొస్తున్నట్టుంది" అంటుండె. అక్క బాస రానోడైతే ఆమెను బతికిచ్చుకునేటోడేమో. నీకు ఆమె బాస వచ్చు, అందుకే మోసపోయినవ్. నేనున్నా గట్లనే అనుకుంటుంటి. "నేనీన్నే ఉన్న గద అక్కా" అని నవ్వుతుంటి. నువ్వు దగ్గర్నే ఉన్నవ్, చూసినవ్, జవాబు చెప్పినవ్. ఇది నేను నీ మనసు నిమ్మళానికి రాస్తున్న మాట గాదు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకున్నప్పుడు నాకు తెలిసిన మాట.

ఏమో, నిజంగనే నన్నడిగిందేమో గూడ. నొప్పికి, నాకు ఒక్కటే చెయ్యి పెట్టుకున్నది పిచ్చిది.

హారిక కండ్లు తుడుసుకోని, "ఇప్పుడు తెలిసింది గద, గుండెకు మందిస్తున్న" అన్నది, గవ్వేసింది. మంచిగ వడ్డది. ఆటల లచ్చి లేచి కూసున్నది. ఆటల్నే అన్నా. నేను సంబురపడాల్నో ఏడువాల్నో తెల్వక బయటికి పోయి మెట్ల మీద కూసున్న.

ఇగ నేనడిగేది ఒక్కటే. ఈ మూడు నెల్లు నా వంతు. ఆ వంతు ఖాళీగున్నది, నాతోని అయితలేదు. ఈ వంతుకు నువ్వు రా. మూడు నెల్లు కాకున్నా నాలుగు దినాలు రా. గొర్లను బామ్మర్ది చూస్తనన్నడని వదిన చెప్పింది. ఒచ్చేటప్పుడు దూలానికి ఏలాడే వడిసెల పట్టుకరా, ఇంత జొన్నపిండి గూడ. ఈడ దొరికే పిండితోని రొట్టె ఇరుగుతుంది. ఎల్బీ నగర్ల నేను నిలవడి ఉంట. కిటికీలకెల్లి మీసం తిప్పు, గుర్తువడ్త.

వదినకు, ఎదురింటి పెద్దవ్వకు నా దండాలు చెప్పు. పిల్లలను దగ్గరికి తీసుకో, వాళ్లేం పాపం జేసిన్రు? నీ చెయ్యి నా నెత్తి మీదుండాలె, అది చాలు.

కింద పేరు పెడ్తలేనన్నా. కాయితం మడిచినంక నీ ఎద మీద గుద్దుకోకు, నిమ్మళంగ చెయ్యేసుకో. అక్క బాసల అది నేనే.