గర్బా బ్లౌజ్ కాదు, అమ్మమ్మా

అమ్మమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ అద్దాల రవిక వేసుకుని ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో తెలుగువాళ్ల ఫంక్షన్‌కి వెళ్లాను. అమ్మ చూడకుండా పైన హుడీ వేసుకుని, జిప్ మెడదాకా లాగాను. మనం లంబాడీలమని ఇక్కడ ఎవరికీ చెప్పొద్దంటుంది. తెలిస్తే చూపులు మారతాయట.

మొన్న ఆర్ట్ క్లాస్‌లో ఆస్ట్రేలియా ఆదివాసీ ఆడవాళ్ల పెయింటింగ్స్ చూపించారు. తెల్లవాళ్లు వాళ్ల భాష మాట్లాడనివ్వకపోయినా, తమ నేల కథల్ని చుక్కలతో వేసి నిలబెట్టుకున్నారట. నాకు నీ కుట్లే గుర్తొచ్చాయి.

హాల్లో ఉక్కపోస్తుంటే జిప్ తీసేశాను.

"వావ్, గర్బా బ్లౌజా? ఎక్కడ కొన్నావే?" అంది లత ఆంటీ.

వెనకే అమ్మ ఉంది.

"గర్బాది కాదు ఆంటీ. మా అమ్మమ్మ కుట్టింది. వి ఆర్ లంబాడీస్."

"అవునా? మీ అమ్మ ఎప్పుడూ చెప్పనే లేదే!"

అమ్మ నవ్వలేదు. కాదని కూడా అనలేదు.

కార్‌లో తిడుతుందని బిగుసుకుని కూర్చున్నాను. అమ్మ నా భుజం మీద కుట్టు తడిమింది.

"ఈ అద్దం ఊడేలా ఉంది. ఇంటికెళ్లాక ఇవ్వు, కుడతా."

నీ కుట్టు అమ్మకి వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"నాకూ నేర్పవా?"

"ముందు సూదిలోకి దారం ఎక్కించి పెట్టు. నాకు కళ్లు ఆనట్లేదు" అంది.