దిండు గలీబులో బియ్యం

పాస్టరమ్మ గారికి కువైట్ రుమైథియా నుంచి వందనాలు.

శుక్రవారం ఇరాక్ సైనికులు ఇంట్లోని బియ్యం బస్తాలన్నీ ఎత్తుకెళ్లారు. నా దిండు మాత్రం తడమలేదు. మీరు నేర్పినట్టు, వండినప్పుడల్లా నా వంతులోంచి పిడికెడు బియ్యం బీదల కోసం తీసి దిండు గలీబులో పోసేదాన్ని. నిరుడు అది చూసి మా యజమానురాలు (ఇక్కడ ఆమెను మామా అని పిలుస్తాం) నన్ను దొంగ అంది. ఇప్పుడు ఆమెకూ, ఆమె ఇద్దరు పిల్లలకూ అవే వండుతున్నాను.

నిన్న "ఇవి ఎవరివి?" అని అడిగింది.

"బీదోళ్లవి మామా" అన్నాను.

తల వంచుకుని తింది.

రేపు మనవాళ్లు ఇండియాకి రావడానికి జోర్డాన్ బస్సెక్కుతున్నారు. నాకూ సీటు ఉంచారు. మామా భర్తను సైనికులు పట్టుకుపోయారు, ఈ ముగ్గురినీ వదిలి నేను పోలేను. ఈ ఉత్తరం మాత్రం వాళ్ల చేతికిస్తున్నాను. మా అమ్మ అడిగితే, సీటు దొరకలేదని చెప్పండి.