మాత్రకో సుద్దగీత

వదినగారూ,

స్కాన్ అయింది! బిడ్డ వెన్ను పూసలు గుచ్చినట్టు చక్కగా ఉందట. నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"కడుపే రాకముందు మాత్రలేమిటండీ" అని నర్సుగా మీరిచ్చిన సలహాకు నవ్వినవాణ్ణి నేనే. వెన్ను మొదటి నెలలోనే, మనకు తెలిసేలోపే కుట్టేసినట్టు మూసుకోవాలని మీరంటే దర్జీవాణ్ణి, ఇట్టే అర్థమైంది. అప్పట్నుంచీ మీ చెల్లెలు రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర మింగగానే బల్ల మీద సుద్దగీత గీశాను. ఒకనాడు గీత కాస్తా లాయరుగారి కోటు గుడ్డ మీద పడింది. దాని వెంటే కత్తిరించేశాను! కడుపునిండా తిట్లు తిన్నాను, పోనివ్వండి.

వెన్ను మూసుకోక మనకు దక్కకుండాపోయిన మొదటి బిడ్డకు సగం కుట్టిన చొక్కా ఉంది కదా, రెండేళ్లుగా మీ చెల్లెలు దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇవాళ తనే తెచ్చి మిషను మీద పెట్టి, "గుండీలు కుట్టండి" అంది.

మీ మరిది