దక్షిణపు గోడలో తలుపు

హైదరాబాదు జహనుమాలో ఉంటూ, సర్కారు కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్న ఇశ్రాయేలు అనే నేను, గొంతు చెడినా బుద్ధి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. గురువారం నా గొంతుకు ఆపరేషన్. బతికినా మాట రాదని డాక్టరు చెప్పేశారు. అందుకే ఈ తొందర. దీన్ని అమలు జరపవలసినవాడు మా టైమ్ ఆఫీసు బాబురావు.

1. నా ప్రావిడెంట్ ఫండు, ఇంట్లోని సామాను, కుట్టుమిషనుతో సహా, నా చెల్లెలు ఆగమ్మకు చెందాలి. భర్త పోయి నా దగ్గరికి వచ్చినప్పటి నుంచి ఈ ఇల్లు నడిపింది ఆమే. వేరెవరికీ హక్కు లేదు.

2. నా సైకిలు బాబురావుకు. బ్రేకులు సరిగా పడవు, జాగ్రత్త.

3. ఇక ఆట సంగతి. మా ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వెళ్తూ ఇచ్చిన విదేశీ ఆట అది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు అందులో మనుషులై తామేం చేస్తారో చెబుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక నేను కథ చెప్పేవాణ్ని. నా స్నేహితుడు, మా కర్మాగారంలోనే ఫిట్టర్ అయిన కైలాసం, ఆటలో కత్తి సాంబడు అయ్యేవాడు. ఆగమ్మ తాళాలు తీసే మల్లి అయ్యేది. కాగితం ముక్క లేకుండానే కోటలన్నీ తిరిగాం. "నువ్వు చెప్తుంటే నాకు కండ్ల ముంగటనే కనిపిస్తది అన్నా" అనేది ఆగమ్మ. వారమంతా నవ్వని మనిషి అప్పుడు నవ్వేది.

4. కైలాసానికి అది చాలలేదు. కోటకు నక్షా, అంటే పటం, కావాలని నా ప్రాణం తీశాడు. గీసిచ్చాను. ఆ రోజు నుంచి కథ వినడం మానేసి నక్షాలో గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆఖరి ఆటలో సాంబడూ మల్లీ కోట నేలమాళిగలో చిక్కుకున్నప్పుడు, దక్షిణపు గోడలో తలుపుందని చెప్పాను. నక్షాలో అది లేదు. మా కర్మాగారంలో మాటకూ డ్రాయింగుకూ తేడా వస్తే డ్రాయింగే చెల్లుతుంది. ఆ అలవాటును మా ఇంటికి మోసుకొచ్చాడు. "డ్రాయింగ్‌ల లేని తలుపు తలుపే కాదు భాయ్. సంతకం జేసిన కాయితం ముంగట నోటిమాట ఏంది?" అన్నాడు. ఆ కోట ఉన్నదే నా నోటిమాట మీద అన్నాను. లొల్లి అయింది. లేచి వెళ్లిపోయాడు. రెండేళ్లు దాటింది, కబురు పంపినా రాడు. ఆ మొండితనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

5. అయినా నా డ్రాయింగు పెట్టె, స్కేళ్లు, ఆ నక్షా కైలాసానికే. వాటి విలువ తెలిసినవాడు వాడొక్కడే.

6. పాచికలు ఆగమ్మకు. మొన్న అన్నం పెడుతూ, "మల్లి ఇంకా చీకట్లనే ఉన్నది గదా అన్నా" అంది. చావు కన్నా నాకు ఆ మాటంటేనే ఎక్కువ భయం. నా గొంతుతో పాటు ఆ తలుపూ పోతే ఆమె ఆ గోడ దగ్గరే నిలబడిపోతుంది. గొంతున్న ఆదివారం ఒక్కటి ఇమ్మని దేవుణ్ని అడిగాను. ఇవ్వలేదు.

7. నేను బతికినా పోయినా బాబురావు ఈ మాటలు కైలాసానికి చూపించాలి. కైలాసం, నీకు కావలసింది సంతకం చేసిన కాగితమే కదా. ఇదిగో. నేలమాళిగ దక్షిణపు గోడలో, నీళ్ల తొట్టి పక్కన, తలుపు ఉన్నదని సాక్షుల ఎదుట ధ్రువీకరిస్తున్నాను. దాని అవతల ఏముందో నేను గీయలేదు, ఎవరికీ చెప్పలేదు. అది ఆగమ్మ చెబుతుంది. ఆమె చెప్పాకే నువ్వు గియ్యి. వచ్చే ఆదివారం మా ఇంటికి పో. మల్లి తాళం తీస్తుంది, నువ్వు ఆమె వెనకాల నడువు.

12 నవంబరు 1985, ఆసుపత్రిలో.

(సంతకం) ఇశ్రాయేలు

సాక్షులు:
ప్రకాశం, కాంపౌండరు
ఎల్లప్ప, పక్క మంచం రోగి (వేలిముద్ర)