ఆదెమ్మ ఎన్నో ముద్రణ?

బొమ్మనహళ్ళి

థీసిస్ పరిశీలన విభాగం సూపరింటెండెంట్ ఓబళప్ప గారికి,

నమస్కారాలు. నేను మీ విశ్వవిద్యాలయంలో తెలుగు పరిశోధక విద్యార్థిని. భవన నిర్మాణ కూలీలు చెప్పుకునే కథల మీద నేను రాసిన థీసిస్‌ను "రిఫరెన్సులు నమూనా ప్రకారం లేవు" అని తిప్పి పంపారు. తప్పెక్కడుందో నాకు అంతుపట్టలేదు.

మీ నమూనా చూసి రిఫరెన్సులు చేత్తో పేర్చలేక అందరూ అవస్థ పడుతున్నారని, నేనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌కి ఒక స్టైల్ ఫైలు తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాను. మీట నొక్కితే పుస్తకాల పేర్లన్నీ మీరు కోరిన వరసలో నిలబడతాయి. మీ దగ్గర పాసైన థీసిస్‌లలో చాలావాటికి ఆ ఫైలే దిక్కు. నేను అదనంగా చేసిందల్లా, ఇంటిపేరు లేని పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా వచ్చేలా చూడడమే. నా థీసిస్ మొత్తం ఆదెమ్మ మీద నిలబడింది. ఆ పేరు పోకుండా ఏం సవరించాలో చెప్పగలరు.

తమ విధేయురాలు,
వరూధిని

తా.క.: నా థీసిస్ అట్ట మీద ఎవరో టీ కప్పు పెట్టినట్టున్నారు. ఆ గుండ్రటి మరకను ఆమోద ముద్ర అనుకుని కాసేపు సంతోషించాను.

యలహంక

వరూధిని గారికి,

మీ లేఖ అందినది. టీ మరకపై విచారణకు ఆదేశించినాము.

మీ జాబితా మొదటి వరసలో "ఆదెమ్మ" అని మాత్రమే ఉన్నది. ఆదెమ్మకు ప్రచురణకర్త లేరు, ప్రచురణ స్థలం లేదు, ఎన్నో ముద్రణో తెలియదు. ఇంటిపేరు సరేసరి. ఈ వివరాలతోపాటు ఆదెమ్మ ప్రతి ఒకటి ఈ కార్యాలయంలో దాఖలు చేయవలెను.

భవదీయుడు,
ఓబళప్ప

తా.క.: ఇది ఆఫీసు మాట కాదమ్మా. మా పాప కళ్యాణి గూడ ఈడనే పీహెచ్‌డీ చేస్తా ఉండాది. మీ ఫైలే వాడుతాది. శానా బాగుండాదంట. నేను చెప్పినానని ఎవరికీ చెప్పొద్దు.

బొమ్మనహళ్ళి

ఓబళప్ప గారికి,

నమస్కారాలు. ఆదెమ్మ పుస్తకం కాదండీ, మనిషి. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చి, మీ ఆఫీసు ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ వెనకాల రేకుల షెడ్డులో ఉంటుంది. కిటికీ తెరిస్తే మీకే కనిపిస్తుంది. పొద్దంతా సిమెంటు తట్టలు మోస్తూ కథలు చెబుతుంది. ఇంటిపేరు అడిగితే, "మాయట్లాటోళ్ళకు అదెందుకమ్మా, మేస్త్రీ ఆదెమ్మా అంటే పలుకుతా ఉండా గదా" అంది. మళ్ళీ తనే, "పుస్తకంలో నా పేరు ఏస్తావు గదా" అని అడిగింది. వేస్తానని మాటిచ్చాను. నా ఆరాటమంతా ఆ మాట కోసమే.

ప్రతి దాఖలు చేయలేను. ఉన్నది ఒక్కటే ప్రతి, అది పనికి వెళ్ళింది.

ఇట్లు, ఇంకా ఓపికతోనే,
వరూధిని

తా.క.: ప్రచురణకర్త లేకపోతే మీకు నిద్ర పట్టదంటే, వాళ్ళమ్మ జయమ్మ అని రాసుకోండి. ఆమె పోయి చాలా కాలమైంది కాబట్టి మళ్ళీ ముద్రణ వచ్చే అవకాశం లేదు.

యలహంక

వరూధిని గారికి,

మీరు తెలిపిన వివరాలు నమోదు చేసినాము. ప్రచురణకర్త: జయమ్మ. స్థలం: కళ్యాణదుర్గం. ముద్రణ: ఒకటి. ప్రచురణకర్త కాలధర్మం చెందినందున వారసుల అనుమతి పత్రం జతచేయవలెను. గ్రంథాలయంలో లభించని ఆధారం కనుక, చివరిసారి చూసిన తేదీ కూడా తప్పనిసరి.

ఇకపోతే, రిఫరెన్సులు పేర్చే స్టైలును మీరే తయారుచేసినట్టు మీ లేఖలోనే ఒప్పుకున్నారు. ప్రశ్నపత్రం విద్యార్థే తయారుచేసుకున్నట్టయినది. దీనిపై కమిటీ వేసినాము. సంగతి తేలేవరకు ఆ స్టైలు వాడిన థీసిస్‌లన్నీ నిలిపివేసినాము.

భవదీయుడు,
ఓబళప్ప

తా.క.: మా కళ్యాణిది గూడ నిలబడిపోయె. అప్పటి నుంచి ఇంట్లో నాకు కాఫీ లేదు. మీరు ఆ ఫైలు సంగతి రాయకుండా ఉండింటే బాగుండు తల్లీ.

బొమ్మనహళ్ళి

ఓబళప్ప గారికి,

నమస్కారాలు. థీసిస్‌లు ఆగిపోయినవాళ్ళంతా నాకు ఫోన్లు చేసి తిడుతున్నారు. ఉచితంగా ఇచ్చినందుకు ఇంత గట్టిగా తిట్టవచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

చివరిసారి చూసిన తేదీ అడిగారు. ఆ తేదీ కొత్తగా వేద్దామని మళ్ళీ వెళ్ళాను. అపార్ట్‌మెంట్ పూర్తయింది. షెడ్డు ఉన్నచోట కార్లు ఉన్నాయి. ఆదెమ్మ ఎక్కడికి పోయిందని సెక్యూరిటీ అతన్ని అడిగితే, "యారు?" అని, ఎవరామె అన్నట్టు, కన్నడంలో నన్నే తిరిగి అడిగాడు. ఆమె ఫోన్ పలకడం లేదు. చాలా ఏడుపొచ్చింది. ఆ ఇళ్ళన్నీ మోసిన మనిషి పేరు ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేదు, నా జాబితాలో ఒక్క వరస తప్ప. దాన్నైనా ఉండనివ్వండి.

ఇట్లు, ఆదెమ్మ తరఫున,
వరూధిని

తా.క.: గేటు దగ్గర నల్లరాయి పలక పెట్టారు. బిల్డరు, ఆర్కిటెక్టు, రిబ్బను కత్తిరించినాయన. అందరికీ ఇంటిపేర్లున్నాయి. మీ నమూనాకి అతికినట్టు సరిపోతుంది.

యలహంక

వరూధిని గారికి,

శుభవార్త. మీ స్టైలులో ఏ దోషమూ లేదని కమిటీ తేల్చినది. అందువల్ల దానిని డిప్యూటీ రిజిస్ట్రార్ గారి పేరు మీద అధికారిక స్టైలుగా విడుదల చేసినాము. ఇకపై అందరికీ తప్పనిసరి. వారు రాస్తున్న పాత రాతి శాసనాల పుస్తకం కూడా అదే స్టైలులో అచ్చుకు వెళ్ళనున్నది. దీనిపై వర్క్‌షాపు కూడా ఉన్నది. మీరు వచ్చి నేర్చుకోవచ్చును.

ఇంటిపేరు లేనిచోట పేరు గడి ఖాళీగా వదలవలెనని నిర్ణయమైనది. గడి ఖాళీగా ఉంటే స్టైలు దానంతటదే "అజ్ఞాత" అని వేస్తుంది. మీ థీసిస్‌లో ఆ సవరణ మేమే చేసి ఆమోదించినాము. అభినందనలు.

భవదీయుడు,
ఓబళప్ప

తా.క.: కళ్యాణిది గూడ పాసయింది. కాఫీ వస్తా ఉండాది. ఫైలుకు పైన పేరొకటి మార్చినాము, అంతే. లోపల చెయ్యి పెట్టేది ఈడ ఎవరికీ రాదమ్మా.

బొమ్మనహళ్ళి

ఓబళప్ప గారికి,

నమస్కారాలు. డాక్టరేటు వచ్చింది. చేతిలో పట్టుకుంటే సిగ్గేసింది. వర్క్‌షాపుకి రాలేను. మీ దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకున్నాను.

లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదని రాశారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. ఆ ఫైలు లోపల నా ఇంటర్నెట్ పేజీ చిరునామా ఉంది. ఎవరు సాఫ్ట్‌వేర్ తెరిచినా అది నా పేజీకి వచ్చి, నేను చేసిన తాజా మార్పులు పట్టుకుపోతుంది. అలాంటి మార్పు నిన్న ఒకటి చేశాను. పైన డిప్యూటీ రిజిస్ట్రార్ గారి పేరు అలాగే ఉంచాను, ఆయన నొచ్చుకోకూడదు కదా. లోపల ఒకే ఒక్క మాట మార్చాను. గడి ఖాళీగా వదిలితే ఇక "అజ్ఞాత" అని రాదు. "ఆదెమ్మ" అని వస్తుంది.

మీ విశ్వవిద్యాలయంలో ఎవరు ఎవరి పేరు తెలియక వదిలేసినా, తెలిసి కొట్టేసినా, ఆ చోట ఆమె ఉంటుంది.

ఇక సెలవు,
వరూధిని

తా.క.: వేయించినవాళ్ళ పేర్లు తెలియని శాసనాలన్నీ డిప్యూటీ రిజిస్ట్రార్ గారి పుస్తకంలో ఇప్పుడు ఆదెమ్మవే. ఎన్నో ముద్రణ అని అడిగారు కదా. రెండోది అని రాసుకోండి.