గుమ్మడికాయ మన మాట

సరోజక్కా,

రెండేళ్లు ఇంటి నుంచి పని చేశాక ఈరోజు మళ్లీ మేట్టుపాళయం ఆఫీసుకు వెళ్లాను. కదిర్కామం ఆసుపత్రిలో నువ్వు పోయి ఏడాది కావస్తోంది. నీ కుర్చీ ఖాళీగా ఉంటుందని, దాన్ని చూసి ఏడవకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను. ఖాళీగా లేదు. వెనక వరసలో ఉండే సెల్వి అందులో కూర్చుంది.

సరే, ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. కానీ మేనేజర్ మెట్లెక్కుతుంటే ఆ తమిళ పిల్ల నా వైపు వంగి, "కుమ్మడికాయ వస్తా ఉండాది, ఫోను లోపల పెట్టుమే" అంది.

ఆఫీసులో మిగతా అందరూ తమిళులే కదా, ఎవరికీ అర్థం కాకూడదని మనిద్దరం తెలుగులో ఆయనకు పెట్టుకున్న పేరక్కా అది!

"నీకెవరు చెప్పినారు?" అన్నాను.

"సరోజక్కే. ఇంట్లో ఉండినప్పుడు దినమూ ఫోన్ చేసి తెలుగు నేర్పించింది."

దినమూ! నాకు ఆదివారాలు మాత్రమే చేసేదానివి. అదీ కుక్కర్ కూత వేయగానే పెట్టేసేదానివి.

"కు కాదు, గు. గుమ్మడికాయ" అని దిద్దాను. నవ్వుతూ మూడుసార్లు పలికింది. మూడోసారి అచ్చం నీలాగే వచ్చింది. సాయంత్రం దాకా దానితో మాట్లాడలేదు.

నీకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నేర్పిస్తానంటే, "ఎందుకుమే, చదివి చెప్పేదానికి నువ్వుండావు కదా" అనేదానివి. ఈ ఉత్తరం నువ్వున్నా చదవలేకపోయేదానివి. అయినా తెలుగులోనే రాస్తున్నాను.

సాయంత్రం అడిగి చూశాను, సెల్వికీ తెలుగు చదవడం రాదు.