మబ్బుని తోస్తున్నాను

అమ్మలూ, నాన్న కులాసాగానే ఉన్నాడు, బెంగపడకు.

నా వణుకుడు జబ్బుకి ఇక్కడ ఆసుపత్రిలో చైనావాళ్ల వ్యాయామం చేయిస్తున్నారు. మబ్బుని తోస్తున్నట్టు చేతులు మెల్లగా కదపాలి. నిన్న గుమ్మం దగ్గర నా కాలు మళ్లీ నేలకి అతుక్కుపోయింది. నేర్పే ఆవిడ, "ఆ కాలి సంగతి వదిలేయండి. బరువంతా రెండో కాలి మీదకి పోనివ్వండి" అంది. పోనిచ్చాను. నీళ్లలో తేలినట్టు గుమ్మం దాటేశాను. ఇంకా కలలో నడుస్తున్నట్టే ఉంది.

నా కుట్టుమిషను బేరం పెట్టారట, ఆపండి. నూనె వేసి ఉంచండి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకి నా దీవెనలు.

పోయిన కార్డులో నా రాత చీమల బారులా ఉంది, చదవలేకపోయానన్నావు. ఇవాళ అక్షరాలు వాటంతటవే పెద్దగా పడుతున్నాయి. చెప్పాల్సింది చాలా ఉంది, కార్డే చాల్లేదు.

నాన్న